పడవ ముసలమ్మను ఏం చేశాడో

“ఏటి మావా, ఆ పడవ ముసిల్దాన్ని ఏటి సేసినావు?”

“ముందు నీళ్లట్టుకు రాయే. కూకోబెట్టి సెప్తాను.”

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మా వీధి కుళాయికి సాయంత్రం నాలుగింటికి నీళ్లొస్తాయి. అరగంట దాటితే ఆగిపోతాయి. రెండు బిందెలు పట్టుకుని పరుగెత్తాను. వరసలో నాకంటే ముందు ఎనిమిది మంది ఉన్నారు. వాళ్లలో ఒకావిడ బిందెలు చాలవన్నట్టు డ్రమ్ము కూడా తెచ్చుకుంది. దాని మీద గొడవైంది. ఆ గొడవలో నేనూ నాలుగు మాటలన్నాను. తిరిగి వచ్చేసరికి ఆయన కుర్చీలోనే ఉన్నాడు. తల భుజం మీదికి వాలిపోయి ఉంది. ఎదురుగా కంప్యూటర్ వెలుగుతూనే ఉంది. చంకలో బిందె దించకుండానే పిలిచాను. దించాక పిలిచాను. ఆ తర్వాత వీధి వీధంతా వచ్చి పిలిచింది. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి గుండె అన్నాడు.

ఆ డ్రమ్ము ఆవిడతో తగువు పెట్టుకోకుండా ఉంటే రెండు నిమిషాల ముందు వచ్చేదాన్ని. అది కూడా రాయమన్నాను.

నాకు సంతకం తప్ప రాత రాదు. రాస్తున్నది మా తోటికోడలు, మా మరిది భార్య. పలాస దగ్గర పుట్టింది, అక్కడే పదో తరగతి చదివి కాపురానికి ఇక్కడికి వచ్చింది. నా కూతురికి ఇంగ్లీషు, బెంగాలీ, హిందీ అన్నీ వచ్చుగానీ తెలుగు నోటివరకే. అక్షరాలు చూస్తే జిలేబీలంటుంది. అందుకని నేను చెప్తాను, ఈవిడ రాస్తుంది. నా మాటలు ఉన్నదున్నట్టు పెడితే ఎవరికీ అర్థం కాదని బళ్లో నేర్చుకున్న తెలుగులోకి సర్దుతోంది. సర్దుకోనీ. ఆయన మాటలు మాత్రం ముట్టుకోవద్దని ఒట్టు వేయించుకున్నాను.

ముందు ఆ ముసలమ్మ ఎవరో చెప్పాలి. ఆవిడ కంప్యూటర్ ఆటలో మనిషి. నవ్వేవాళ్లు నవ్వండి, మొదట్లో నేనూ నవ్వాను.

మాది ఏక్‌బాల్‌పూర్, బెంగాలీవాళ్ల ఊళ్లో ఓడరేవు పక్కన పేట. ఒక గది, ఒక వసారా. ఆయన డాక్‌లో పని చేసేవాడు. మా వాళ్లలో చాలామందిలా మూటలు మోసే పని కాదు, ఓడలోంచి దిగే పెట్టెల మీద రాత చదివి, చేతిలో కాగితం మీద టిక్కు పెట్టే పని. ఆ నాలుగు ఇంగ్లీషు ముక్కల వల్ల మావాళ్లందరికీ ఉత్తరాలు చదివి పెట్టేది ఆయనే. తర్వాత సరుకంతా ఇనప డబ్బాల్లో రావడం మొదలైంది, టిక్కు పెట్టేవాళ్లతో పని లేకపోయింది, ముందుగానే ఇంటికి పంపేశారు.

పని లేని మగవాడు ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. నేను బెండకాయలు తరుగుతుంటే వచ్చి ముక్కలు సమంగా లేవనేవాడు. గోడ గడియారం రెండు నిమిషాలు వెనకుందని రోజూ చెప్పేవాడు, తిప్పేవాడు కాదు. మా అమ్మాయి రాజర్‌హాట్ వైపు కొత్తగా లేచిన ఆఫీసుల్లో ఒకదాంట్లో పని చేస్తుంది. అక్కడ తీసేస్తున్న పాత కంప్యూటర్ ఒకటి టాక్సీలో వేసుకొచ్చింది. ఖిదిర్‌పూర్ బజారులో కొన్న ఆట సీడీ కూడా తెచ్చింది.

“నాన్నా, దినమంతా అమ్మతో ఝగ్డా ఆడే బదులు ఇది ఆడు.”

“నానా? సిన్నపిల్లోడినేటి?”

“చిన్నపిల్లలు ఆడలేరు. బోలెడు చదవాలి.”

చదవాలి అనేసరికి ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

ఆటలో ఒకడు బల్లెం పట్టుకుని దేశం తిరుగుతూ ఉంటాడు. ఆ దేశంలో యుద్ధం నడుస్తోంది. పోయిన ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు ఎదురై కష్టం చెప్పుకుంటారు. వాళ్లకు ఏం చేయాలో ఆడేవాడే తేల్చాలి. బొమ్మ కింద రెండు మూడు వాక్యాలు వస్తాయి, ఒకటి నొక్కాలి. నొక్కినదాన్ని బట్టి కథ అటో ఇటో పోతుంది. మొదట్లోనే ఆ బల్లెం వాడికి పేరు పెట్టమంటే మా ఆయన తన పేరే పెట్టుకున్నాడు. మొగుడి పేరు నేను నోట పలకను కదా, బల్లెపోడు అనేదాన్ని. కోపం వస్తే ఆయన్నీ అలాగే పిలిచేదాన్ని.

ఆయన ఇంగ్లీషు పెట్టెల మీద ఇంగ్లీషు. ఫుట్‌పాత్ మీద కొన్న డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని ఒక్కో మాటా వెతికి, మొత్తం కూడదీసుకుని, నాకు తెలుగులో చెప్పేవాడు. నేను పక్కన కూర్చుని బియ్యం ఏరుకునేదాన్ని. నాకు చెప్పకుండా ఒక్కటీ నొక్కేవాడు కాదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఏ పనికీ నన్ను అడగని మనిషి, ఆ ఆటలో మాత్రం ప్రతిదీ అడిగాడు.

“ఒలే, ఇనుకో. ఊరు ఊరంతా జొరం. మందు ఒక్క ఇంటికే సరిపోద్ది. పిల్లలున్న ఇంటికిద్దామా, వైద్దుడికిద్దామా?”

“వైద్దుడికెందుకు?”

“ఆడికీ జొరమే. ఆడు లేచి కూకుంటే మిగతావోల్ని బాగుసేత్తాడంట.”

“అలగైతే ఆడికే ఇచ్చీ. పిల్లలకి నాను గంజి కాసి పోత్తానని సెప్పు.”

“ఇందులో గంజి బటన్ లేదే!”

వైద్యుడికే ఇచ్చాం. ఆ ఇంట్లో ఒక పిల్ల పోయింది. ఆ రోజు ఇద్దరం అన్నం సరిగ్గా తినలేదు. మా అమ్మాయి వచ్చి మా మొహాలు చూసి, ఎవరు పోయారని కంగారుపడింది.

సగం ఆట అయ్యాక మా అమ్మాయే ఒక కబురు చెప్పింది. ఈ ఆట ఒక్కటితో అయిపోదట. రెండోది తయారవుతోందట. ఇందులో మనం చేసినవన్నీ ఒక ఫైలులో దాగి ఉంటాయి, ఆ ఫైలును రెండో ఆటకు ఇస్తే అదే దేశం, అదే మనుషులు, మనం వదిలిపెట్టిన చోటునుంచి మొదలవుతారు. మనం బతికించినవాళ్లు బతికి ఉంటారు. మేలు చేస్తే గుర్తు పెట్టుకుంటారు, కీడు చేస్తే అదీ గుర్తు పెట్టుకుంటారు.

“అంటే అక్కడ మర్సిపోరన్నమాట,” అన్నాడు ఆయన.

ఆ తర్వాత రెండు రోజులు కంప్యూటర్ ముట్టుకోలేదు. మూడో రోజు ఆటంతా మళ్లీ మొదటినుంచి మొదలెట్టాడు. ముందు సారి దారిలో అడ్డొచ్చినవాళ్లను ఊరికే పొడిచేశాడట, నాకు చెప్పలేదు. ఈసారి ఒక్కొక్కరితో మాట్లాడి, ఆలోచించి, నన్నడిగి, నొక్కేవాడు. ఒంటికన్ను దొంగను సైనికులకు పట్టిచ్చేయమన్నాను, వద్దని వదిలేశాడు. పిండిమర పిల్లను తండ్రి దగ్గరికి పంపేద్దామన్నాడు, నేను ఒప్పుకోలేదు, వాడు ఆ పిల్లను కొడతాడు, పంపలేదు. మొత్తం మా ఇద్దరి సంసారమే అందులో కూడా నడిచింది.

పాత కంప్యూటర్ కదా, లోపల కరకరమని చప్పుడు మొదలైంది. ఖిదిర్‌పూర్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం దాదా, ఇక్కడ అన్నను అలాగే పిలుస్తాం, వచ్చి చెవి పెట్టి విని, డిస్కు ఏ రోజైనా పోతుంది, ముఖ్యమైనవి కాపీ చేసి పెట్టుకోండి అన్నాడు. పెన్ డ్రైవ్ అని వేలెడంత ముక్క ఒకటి ఇచ్చాడు. ఆయన రోజూ ఆట ఆపేముందు ఫైలును అందులోకి ఎక్కించి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, దారం కట్టి, మొలతాడుకు కట్టుకునేవాడు.

డాక్‌లో మావాళ్లందరిదీ అదే అలవాటు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే సాయంత్రానికి జేబులో ఏదీ మిగలదు. అందుకని పెట్టె తాళం, తాయెత్తు, ఏదైనా పోకూడనిది ఉంటే మొలతాడుకే. పని మానేసి ఇన్నేళ్లయినా పాత పెట్టె తాళం ఇంకా ఆయన నడుముకే ఉండేది. దాని పక్కన ఇది చేరింది. మా అమ్మాయి తల పట్టుకుంది.

“అరే బాబా, బీరువాలో పెట్టొచ్చు కదా నాన్నా!”

“బీరువా తాళం మీయమ్మ కాడుంటాది. దేశం దేశం మీయమ్మ సేతిలో ఎట్టీమంటావా?”

దుకాణం దాదాకు కూడా ఈ సంగతి తెలిసి, ఆయన కనబడినప్పుడల్లా నడుము వంక చూసి నవ్వేవాడు.

ఇక పడవ ముసలమ్మ. ఆట చివర్లో వస్తుంది. రేవు దగ్గర ఒంటరిగా పడవ నడుపుకునే మనిషి. మా బల్లెపోడిని మూడుసార్లు ఏరు దాటించింది, ఒకసారి చేపల పులుసు కూడా పెట్టింది. చివరికి తెలిసిందేమిటంటే, మనవాళ్లు దాక్కున్న దారి శత్రువులకు చెప్పింది ఆవిడే. వాళ్లు ఆవిడ కూతుర్ని పట్టుకుపోయి, దారి చెప్తేనే వదులుతామన్నారు. చెప్పేసింది. మనవాళ్లు పన్నెండుమంది చచ్చిపోయారు. ఇప్పుడు ఆవిడను బల్లెపోడి ముందు నిలబెట్టి, శిక్షిస్తావా, వదిలేస్తావా అని అడుగుతున్నారు.

“వదిలీ మావా. కూతురు కోసం సెప్పింది.”

“పన్నెండుమంది సచ్చిపోనారే.”

“నీ కూతుర్నెత్తుకుపోతే నువ్వు సెప్పవేటి?”

“సెప్పను.”

“పెద్ద మొగోడివి!”

“సెప్పను. సెప్తే నన్ను కూడా నిలబెట్టి అడగాల. అదే నానంతన్నాది.”

అక్కడ నేను నోరు జారాను. మా పెళ్లయిన మూడో ఏడు డాక్‌లో సమ్మె జరిగింది. చాలా రోజులు సాగింది. యూనియన్‌లో ఆయన ముందుండేవాడు, వీధి గోడల మీద రాతలు రాయడానికి సున్నం బకెట్టు మోసినవాళ్లలో ఆయనొకడు. మా పక్క గదిలో మా ఊరివాడే ఒకతను ఉండేవాడు, ఆయనకు వరసకు అన్న. భార్య నిండు నెలలు. అతను డాక్ అధికారులకు సమ్మె నడిపేవాళ్లలో కొందరి పేర్లు చెప్పేశాడు. అయిదుగురికి పని పోయింది. యూనియన్‌వాళ్లు కూర్చుని, ఆ ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, నిప్పూ నీళ్లూ ఇవ్వకూడదు అని తీర్మానం చేశారు. చెయ్యెత్తినవాళ్లలో మా ఆయన మొదటివాడు. ఆ భార్య కుళాయి దగ్గరికి వస్తే అందరూ పక్కకు జరిగేవారు. నేనూ జరిగాను. ఆయన బయటికి పోయాక గోడ మీదుగా గంజి చెంబు అందించేదాన్ని, అది వేరే సంగతి. నెల తిరక్కుండా వాళ్లు రైలెక్కి ఊరెళ్లిపోయారు. కాన్పు దారిలోనే అయిందని, బిడ్డ దక్కలేదని తర్వాత తెలిసింది.

ఆ మాట మా ఇంట్లో మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆ రోజు నేను తెచ్చాను.

“అప్పుడు మీ అన్నని తరిమీసినారు. ఇప్పుడీ ముసిల్దాన్ని కూడా తరిమీండి. మీకు సేతనైనది అదే.”

ఆయన నా వంక చూడలేదు. డిక్షనరీ మూసి, కంప్యూటర్ ఆపి, చొక్కా తొడుక్కుని బయటికి పోయాడు. ఆ తర్వాత నెల రోజులు ఆట ముందుకు కదల్లేదు. రోజూ కుర్చీలో కూర్చునేవాడు, ముసలమ్మ బొమ్మ వచ్చేదాకా నడిపేవాడు, చూస్తూ ఉండేవాడు, ఆపేసేవాడు. నేనూ అడగలేదు. నాకు భయమేసింది. అన్న మాట వెనక్కి తీసుకుందామంటే ఎలా తీసుకోవాలో తెలియలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నేను గిన్నెలు తోముతుంటే లోపలినుంచి, “ఆట అయిపోనాదే!” అన్నాడు. లోపలికి తొంగి చూసేసరికి పెన్ డ్రైవ్‌కు ప్లాస్టిక్ చుడుతున్నాడు. చుట్టి, మొలతాడుకు కట్టుకుని, పంచె సర్దుకున్నాడు. మొహంలో ఏమీ కనబడలేదు. ఇంతలో నీళ్ల వేళ అయిందని వీధిలో కేకలు. నేను బిందెలు తీసుకుంటూ అడిగాను. ఏమడిగానో, ఆయన ఏమన్నాడో ముందే చెప్పాను.

శవానికి స్నానం చేయించేటప్పుడు మావాళ్లలో మొలతాడు తెంపేస్తారు. పోయినవాడి ఒంటి మీద ముడి అన్నది ఉండకూడదు. ఆడవాళ్లం లోపల ఉన్నాం. తడక అవతలి నుంచి మా మరిది కేకేశాడు.

“వదినా, మొలతాడుకి తాళం గట్రా ఉన్నాయి. ఉంచమంటావా?”

నా కళ్ల ముందు డాక్ పెట్టె తాళం ఒక్కటే కనబడింది. ఇక ఏ పెట్టె తెరుస్తాం.

“ఆయనతోనే పోనీయ్, బాబూ,” అన్నాను.

మొలతాడును పూలతో, పాత పంచెతో కలిపి మూటకట్టి ఘాట్ దగ్గర గంగలో వదిలేశారు. నేను చెప్పాను కనకనే వదిలేశారు. మా మరిది ఇప్పటికీ తన తప్పే అంటాడు. కాదు. అడిగాడు కదా. అడిగితే చెప్పింది నేను.

ఏడు నెలలు కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంచాం. తర్వాత ఒక రోజు మా అమ్మాయి రెండో ఆట పట్టుకొచ్చింది. నాకు చూపించి ఏమంటానో అని నిలబడింది. నేను దుప్పటి తీసేశాను. నాకు ఒక్కటే ఆశ. రెండో ఆటలో ముసలమ్మ కనబడితే ఆయన వదిలేసినట్టు, కనబడకపోతే వదలనట్టు. ఆయన నోటితో చెప్పకపోయినా ఆట చెప్తుంది.

కంప్యూటర్ పెడితే టిక్కుటిక్కుమని ఆగిపోయింది. టాక్సీలో వేసుకుని దాదా దుకాణానికి తీసుకుపోయాం. మూడు రోజులు ఉంచుకుని, నాలుగో రోజు నన్ను వదినా అని పిలుస్తూ బెంగాలీలో చెప్పాడు.

“బౌదీ, డిస్కు పూర్తిగా పోయింది. ఏమీ రాలేదు. అయినా మీకేం భయం, మీ ఆయన దగ్గర కాపీ ఉంది కదా. నడుముకు కట్టుకుని తిరుగుతాడు కదా!” అని నవ్వాడు.

దుకాణం మెట్టు మీద అలాగే కూర్చుండిపోయాను. అప్పుడు తెలిసింది నాకు, ఏం పోనిమ్మన్నానో. మా అమ్మాయి నా మొహం చూసి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన పోయిన సంగతి దాదాకు ఎవరు చెప్పారో గానీ కాసేపటికి టీ తెప్పించి ఇచ్చాడు, తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా ఘాట్‌కు పోయాను. అక్కడ తాడుకు అయస్కాంతం కట్టి నీళ్లలోకి విసిరి, భక్తులు వేసిన చిల్లర ఏరుకునేవాళ్లు ఉంటారు. ఒకతన్ని అడిగాను. ఏడు నెలల కిందటిదా అని నవ్వాడు.

“మాసీ, రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఈపాటికి బజ్‌బజ్ రేవు దాటి సముద్రంలో ఉంటుంది.”

అన్నాడుగానీ నా వాలకం చూసి, తన గోనెసంచి బోర్లించాడు. నదిలోంచి వచ్చిన తాళంచెవులు. అన్ని తాళంచెవులు ఒక్కచోట నేను ఎప్పుడూ చూడలేదు. మెట్ల మీద పరుచుకుని ఒక్కోటి చూశాను. తుప్పు వేళ్లకు అంటుకుంది. డాక్ పెట్టె తాళంచెవి వాటిలో లేదు. ఉన్నా ఏం చేసేదాన్ని. నీళ్లలో ఏడు నెలలు నానిన ఆ ముక్కలో ఏముంటుంది. అయినా చివరిదాకా చూశాను.

మా అమ్మాయి కొత్త డిస్కు వేయించింది. రెండో ఆట మొదలుపెట్టగానే పాత ఫైలు ఉందా అని అడిగిందట. లేదు అని నొక్కింది. అలాంటివాళ్ల కోసం ఆటలోనే ఒక ఏర్పాటు ఉంది. ఒక పుస్తకం బొమ్మ తెరుచుకుని, కిందటి ఆటలో ఏం జరిగిందో ఒక్కొక్కటే అడుగుతుంది. మనం చెప్పినదే జరిగినట్టు రాసుకుంటుంది.

మందు ఎవరికిచ్చారు? వైద్యుడికి, అన్నాను. ఒంటికన్ను దొంగను? వదిలేశాడు. పిండిమర పిల్లను? పంపలేదు, పంపనివ్వలేదు. అన్నీ టకటకా చెప్పాను. నాకు నా పెళ్లి తారీఖు సరిగ్గా గుర్తులేదుగానీ ఇవన్నీ ఉన్నాయి. మా అమ్మాయి ఆశ్చర్యంగా చూసింది. ఆఖరున పడవ బొమ్మ వచ్చింది. ఒక పక్క ముసలమ్మ తెడ్డు పట్టుకుని నిలబడి ఉంది. ఇంకో పక్క పడవ ఒక్కటే ఉంది.

“చెప్పమ్మా.”

“నాకు తెలీదే.”

“తెలీదు అన్నదానికి ఇక్కడ బొమ్మ లేదమ్మా. నువ్వేదంటే అదే అవుతుంది.”

“నానంటే ఎలాగవుద్ది? ఆయన సేసింది కదా అవ్వాల!”

“నాన్న వదిలేసే ఉంటాడు. నెల రోజులు ఆలోచించాడు కదా.”

“ఆలోసించినోలందరూ వదిలీసినట్టేనా? ఆ సమ్మెకి కూడా రాత్రంతా ఆలోసించినాడు. పొద్దున్నే సెయ్యెత్తినాడు.”

ఆ పిల్లకు సమ్మె సంగతి తెలియదు. అప్పుడు చెప్పాను. విని, మౌస్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. తర్వాత నన్నడగకుండానే ముసలమ్మ ఉన్న బొమ్మ నొక్కేసింది. నా కోసమే నొక్కింది. నేనూ చెయ్యి పట్టుకుని ఆపలేదు.

వారం తర్వాత ఆటలో రేవు వచ్చింది. ముసలమ్మ ఉంది. ముగ్గుబుట్టలా తల నెరిసింది, పక్కన కూతురు ఉంది. బల్లెపోడిని చూసి తెడ్డు కింద పడేసి, రెండు చేతులూ జోడించి ఏదో అంది. మా అమ్మాయి చదివి తెలుగులో చెప్పింది. ఆయన పేరు పెట్టి పిలిచిందట. ఆ రోజు నువ్వు నన్ను క్షమించావు, నీలాంటి మనసు ఎవరికీ ఉండదు, రోజూ నీ పేరు తలుచుకుని దీపం పెడుతున్నాను అందట.

నాకు ఒళ్లు ముడుచుకుపోయింది. ఆయన చేశాడో లేదో తెలియని మంచికి దండం అందుకుంటున్నాం. నిజంగా వదిలేసి ఉంటే అది ఆయన ఇన్నేళ్లకు చేసిన పెద్ద పని. వదలకపోయి ఉంటే, ఆయన్ని ఆయనలా కూడా ఉండనివ్వకుండా నేను దిద్దేశాను.

“మార్సీ. రెండోది నొక్కు,” అన్నాను.

మళ్లీ మొదటినుంచి నడిపి రెండోది పెట్టింది. ఈసారి రేవులో పడవ ఒడ్డుకు బోర్లించి ఉంది. పక్కన నిలబడ్డ సైనికుడు మా బల్లెపోడి భుజం తట్టి, ద్రోహికి తగిన శాస్తి చేశావు, మగాడివి అన్నాడట. అదీ మెచ్చుకోలే. ఎటు నొక్కినా మెచ్చుకుంటారు. కూతురు ఎక్కడుందని అడగమన్నాను. అలా అడగడానికి వీలు లేదంది. నేను పీట మీదనుంచి లేచిపోయాను. ఏడుపు రాలేదు, దాహం వేసింది.

అప్పటినుంచి ఆట అక్కడే ఆగి ఉంది. మా అమ్మాయి ఆదివారం ఆదివారం అడుగుతుంది, అమ్మా, ఏదో ఒకటి అనుకుందాం, ముందుకు పోదాం అని. దాని బాధ దానిది. వాళ్ల నాన్నతో కలిసి ఆడలేదు, ఇప్పుడైనా ఆయన వదిలిన చోటు నుంచి ఆడదామని దానికి ఉంటుంది. ఇటు మా మరిది, అన్నయ్య ఛస్తే క్షమించడు అంటాడు. ఎవరి ఆయన వాళ్లకున్నాడు.

నాకున్నది ఒక్క మాట. కూర్చోబెట్టి చెప్తాను అన్నాడు. ఆయన ఆ మాట ఎప్పుడెప్పుడు అన్నాడో వెతుక్కుంటూ ఉంటాను. బీడీలు మానేసినప్పుడు అన్నాడు, తన గొప్ప చెప్పుకోవడానికి. నా తమ్ముణ్ని గుమ్మంలోనుంచే తిప్పి పంపేసినప్పుడూ అన్నాడు, తనదే న్యాయమని నన్ను ఒప్పించడానికి. రెంటికీ గొంతు ఒక్కటే. ఆ రోజు గొంతు ఎలా ఉందో గుర్తు తెచ్చుకుందామంటే కుళాయి దగ్గర కేకలు అడ్డమొస్తాయి. కొన్ని రోజులు మెత్తగా వినబడుతుంది, కొన్ని రోజులు కాదు. నా మనసు ఎలా ఉంటే అలా వినబడుతోందని అర్థమై, ఆ వెతుకులాట కూడా మానుకుందామనుకున్నాను. మానలేకపోతున్నాను.

ఈ మధ్య ఇంకో భయం పట్టుకుంది. ఎవరికైనా ఈ కథ చెప్పినప్పుడల్లా కొంచెం కొంచెం ఆయన వదిలేసినట్టే చెప్పేస్తున్నాను. వినేవాళ్ల మొహాలు చూసి నోరు అటే పోతోంది. ఇంకో ఏడాది పోతే, వదిలేశాడని నేనే నమ్మేస్తాను, అప్పుడు అడగడానికి ఆ ప్రశ్న కూడా మిగలదు. అందుకనే రాయించాను. తేలనిది తేలనట్టుగానే ఒక చోట ఉండాలని.

రాసింది చాలమ్మా, కలం పక్కన పెట్టు. మొదటినుంచి చదివి వినిపించు, నెమ్మదిగా. నేను ఎక్కడైనా ఆయన చేత ఆవిడను వదిలింపజేసేశానేమో, లేదా శిక్షింపజేసేశానేమో చూడాలి. అలా అనిపించిన చోట ఆగు, కొట్టేద్దాం. చదువు.